ఇద్దరూ దిగిన ఫోటో

కెమెరా సంచి బోర్లించి దులిపితే గరాజ్ నేల మీద అక్షింతలు రాలాయి. నిన్న మధ్యాహ్నం జరిగిన సీమంతంలోవి. ముందు పసుపు వాసన వచ్చింది, దాని వెనకే కర్పూరం పొగ వాసన. సంచిలో అన్ని అరలకూ జిప్పులున్నాయి, అయినా గింజలు ఎలా దూరతాయో దూరతాయి. బ్యాటరీల మధ్య కొన్ని, లెన్స్ తుడిచే గుడ్డ మడతలో కొన్ని. ఆదివారం పొద్దున్న నడుము పట్టేసి, మోకాళ్ళు మొరాయిస్తుంటే, చీపురుతో ఒక్క ఊడ్పు ఊడిస్తే పోయేదానికి నేను కింద కూర్చుని ఒక్కొక్క గింజా ఏరుతున్నాను. కారు తాళాల కోసం వచ్చిన మా అమ్మాయి ముక్కు ఎగబీల్చి, "డాడ్, యూ స్మెల్ లైక్ ద టెంపుల్" అనేసి వెళ్ళిపోయింది. దానికి తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లిషులోనే వస్తుంది. అక్షింతలు తొక్కకూడదని, ఊడ్చి చెత్తబుట్టలో పోయకూడదని నాకు నేర్పింది మా ఇంట్లోవాళ్ళు కాదు, సుగుణక్క. ఫోటోలు తీయడం నేర్పింది కూడా ఆవిడే. మీలో చాలామంది ఆవిడని చూసి ఉండరు. మేముండే ఈ పాయింట్ కుక్ పేట చుట్టుపక్కల ఒకప్పుడు పెళ్ళో పేరంటమో చేసుకున్నవాళ్ళకి మాత్రం ఆవిడ గొంతు గుర్తుండే ఉంటుంది.

నాకు నలభై నాలుగేళ్ళ వయసులో ఉద్యోగం పోయింది. సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతకడం నా పని. ఏళ్ళ తరబడి అందరి తప్పులూ వెతికాక, అసలు మా టీమ్ ఉండటమే తప్పని పైవాళ్ళు తేల్చారు. మా ఆవిడ ఉద్యోగం ఉంది కాబట్టి ఇల్లు నడిచింది. నేను అప్లికేషన్లు పంపుతూ, పిల్లని బడి దగ్గర దింపుతూ, మిగిలిన పూటంతా ఏం చేయాలో తోచక, అది పుట్టినప్పుడు కొన్న కెమెరా పట్టుకుని చెరువు గట్టున కొంగల వెంట తిరిగేవాణ్ణి. అలాంటి రోజుల్లో మా వీధిలో ఒకరు గృహప్రవేశానికి పిలిచారు. కెమెరా మెడలో వేసుకుని వెళ్ళి, పాలు పొంగే సమయానికి పొయ్యి పక్కన మంచి చోటు చూసుకుని నిలబడ్డాను. వెనక నుంచి ఒక గొంతు వినబడింది.

"ఓ తమ్మీ, జర జరుగు. పాలకంటె ముందుగాల నీ బొజ్జ పొంగుతుంది నా ఫోటోల."

అందరూ నవ్వారు. తిరిగి చూస్తే యాభై దాటిన మనిషి. నూలు చీర కుచ్చిళ్ళు కాస్త పైకి దోపి, కాళ్ళకి రన్నింగ్ బూట్లు వేసుకుని, నాకంటే పెద్ద కెమెరా పట్టుకుని ఉంది. పని అయ్యాక ఆవిడే భోజనం ప్లేటు తెచ్చుకుని నా పక్కన కూర్చుంది.

"ఏం జేస్తవ్?"

"ప్రస్తుతానికి ఏం లేదక్కా. జాబ్ పోయింది."

"మంచిగైంది. శనివారం రా, సంచి మోద్దువు గని."

అప్పటికి ఓదార్పు మాటలు విని విని విసిగిపోయి ఉన్నాను. 'మంచిగైంది' అన్నది ఆవిడొక్కతే. శనివారం వెళ్ళాను.

సుగుణక్కది హనుమకొండ. ఆవిడ కూడా ఈ పని ఎక్కడా చదువుకోలేదు. ఈ దేశం వచ్చాక చాలా ఏళ్ళు ముసలివాళ్ళని చూసుకునే ఒక హోమ్‌లో పనిచేసింది. ఒకసారి తెలిసినవాళ్ళ పిల్ల ఓణీల ఫంక్షన్‌కి రావలసిన ఫోటోగ్రాఫర్ రాలేదట. అందరూ ఒకరి ముఖాలు ఒకరు చూసుకుంటుంటే ఈవిడ ఎవరి చేతిలోదో కెమెరా లాక్కుని మొదలుపెట్టిందట. అప్పటికే నలభై దాటిన మనిషి. గొప్ప పనితనం ఉన్న మనిషి అని నేను అబద్ధం చెప్పను. ఆవిడ ఫోటోల్లో గోడలు కాస్త పక్కకి ఒరిగేవి. రంగులన్నీ పసుపుకి తిరిగేవి. కెమెరా మీద ఉండే అక్షరాల్లో సగానికి అర్థం తెలియదు, తెలుసుకోవాలనీ అనుకోలేదు. కంప్యూటర్ అంటే ఒంటికాలి మీద లేచేది, ఆ పనంతా నా నెత్తిన పడేసింది. కోపం ఎప్పుడూ ముక్కు మీదే ఉండేది. మొదటి బంతిలోనే భోజనం చేయాలన్నది ఆవిడ పెట్టుకున్న నియమం. "పెండ్లి పిలగాడు ఆగుతడు గని పప్పు ఆగది" అనేది. ఆ మాట వినకుండా మర్యాదకి పోయిన రోజుల్లో నాకు చివరికి పెరుగన్నమే దక్కింది.

మొదట్లో నేను తెగ అరిచేవాణ్ణి. ఇటు చూడండి, కాస్త నవ్వండి, ఆంటీ మీరు గడ్డం పైకెత్తండి, అంకుల్ మీరు కళ్ళు మూయకండి. ఫోటోగ్రాఫర్ అంటే అలాగే ఉంటాడని అనుకున్నాను. ఒక ఓణీల ఫంక్షన్‌లో ఆ పిల్ల నగల బరువుకి మెడ వంచి కూర్చుంది. నేను నవ్వమన్నప్పుడల్లా తల ఎత్తి పళ్ళు చూపించేది, మళ్ళీ మెడ వంచేసేది. ఆ రోజు తిరిగి వచ్చేటప్పుడు కారులో అక్క చాలాసేపు నోరు విప్పలేదు. ఆవిడ మాట్లాడటం లేదంటే ఎవరికో మూడిందని అర్థం. కారులో ఉన్నది నేనొక్కణ్ణే.

"ఏం తీసినవ్ ఇయ్యాల?"

"చాలానే తీశానక్కా."

"తీసుడు సరే. ఆ పొల్ల దిగిందా?"

నాకు అర్థం కాలేదు. ఆవిడకి అది తెలిసి ఇంకా కోపం వచ్చింది.

"మనమేమంటం? ఆయన ఫోటో తీసిండు, మేం ఫోటో దిగినం అంటం. తీసుడు ఒకని పని, దిగుడు ఇంకొకళ్ళ పని. నువ్వు గట్ల ఒర్రుతుంటె ఎవలు దిగుతరు? మీ బావనడుగు, దిగెటోళ్ళు దిగకముందే బండి కదిలిస్తె ఏమైతదో చెప్తడు."

బావ అంటే ఆవిడ భర్త రాజలింగం గారు, బస్సు డ్రైవరు. ఫోటో దిగడం అన్న మాట తెనాలిలో పుట్టిన నేనూ చిన్నప్పటి నుంచీ అంటున్నదే. ఏనాడూ దాన్ని పట్టించుకోలేదు. బస్సు దిగినట్టు, నీళ్ళలోకి దిగినట్టు, మనిషి తనంతట తాను దిగాలి. మనం తొందరపెడితే అంచు మీదే నిలబడి పళ్ళు చూపించి వెళ్ళిపోతాడు. ఇది అర్థమైనంత సులువుగా చేతికి రాలేదు. నలభై దాటాక కొత్త పని నేర్చుకోవడంలో అదే చిక్కు. బుర్ర సరేనంటుంది, నోరూ చేతులూ పాత ఉద్యోగంలోనే ఉంటాయి. ఎవరి ముఖం చూసినా అందులో సరిచేయవలసిన తప్పే నాకు ముందు కనబడేది. ఎన్నో శనివారాలు ఇంటికి వచ్చి, బూట్లు కూడా విప్పకుండా సోఫాలో పడుకుని, ఇది నా వల్ల అయ్యే పని కాదనుకున్నాను. మళ్ళీ శనివారం వచ్చేసరికి సంచి సర్దుకునేవాణ్ణి.

బావ సరదా మనిషి. నన్ను 'బామ్మర్దీ' అని పిలిచేవాడు. మీ గుంటూరోళ్ళు నీళ్ళల్లో కూడా కారం కలుపుకుంటారంట కదా అని కనబడినప్పుడల్లా అదే జోకు వేసి, కొత్తగా వేసినట్టే నవ్వేవాడు. నేను సంచి మోయడం మొదలుపెట్టిన మరుసటి ఏడు ఆయనకి పక్షవాతం వచ్చింది. ప్రాణం దక్కింది గానీ కుడి చెయ్యి పట్టు పోయింది, ముఖం ఒక పక్కకి జారింది, మాట ముక్కలు ముక్కలుగా వచ్చేది. బుర్ర మాత్రం ఎప్పటిలాగే చురుగ్గా ఉండేది, అందుకే ఆయనకి మరీ కష్టమైంది. కెమెరా కనిపిస్తే చాలు ముఖం గోడవైపు తిప్పుకునేవాడు. సొంత కొడుకు కార్తీక్ నిశ్చితార్థం ఫోటోల్లో కూడా ఆయన వీపే ఉంది. అక్క వెనక నుంచి వెళ్ళి చూసింది, పక్క నుంచి చూసింది, మాటల్లో పెట్టి చూసింది, ఒకసారి తిట్టి కూడా చూసింది. ఆయన దిగలేదు.

ఒక సాయంత్రం వాళ్ళ గరాజ్‌లో బ్యాటరీలు ఛార్జింగ్‌కి పెడుతూ అంది: "ఊరందరి మొగుళ్ళని ఫోటో తీసిన. నా మొగడు దిగుతలేడు."

ఏదో ఒకటి అనాలి కాబట్టి, "ఇదివరకు తీసినవి చాలా ఉన్నాయి కదక్కా" అన్నాను.

"ఉన్నయ్. ఆ మనిషి వేరే. ఇప్పుడున్న మనిషికి నేను రోజూ అన్నం కలిపి పెడుతున్న. నాకు గీయనతోని ఒక్క ఫోటో కావాలె. గంతే."

ఆవిడ నాకు ఎన్నో పనులు చెప్పింది గానీ, నాకు ఫలానాది కావాలి అనగా వినడం అదే మొదలు.

బావకి అరవై నిండాయి. షష్టిపూర్తి నగరం అవతలి కొసనున్న కేరమ్ డౌన్స్ గుడిలో పెట్టుకున్నారు. వారం ముందు అక్క తన పెద్ద కెమెరా తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. "పీటల మీద కూసునేది నేను. ఇగ నువ్వే తియ్యాలె" అంది. నాకు భయమేసింది. వందలమంది పెళ్ళిళ్ళు తీసిన మనిషి తనకోసం అడిగిన ఒక్క ఫోటో అది, దాన్ని నా చేతిలో పెడుతోంది. "బావ దిగకపోతే ఏం చేయమంటావక్కా?" అన్నాను. "దిగకపోతె తియ్యకు" అంది. అది నా మీద నమ్మకమో, ఆయన మీద ఆశ వదులుకోవడమో నాకు తెలియలేదు.

ఆ రోజు పాయింట్ కుక్ నుంచి గుడికి వెళ్ళే దారంతా వాన కురిసింది. హాల్లో చుట్టాలూ స్నేహితులూ అందరి చేతుల్లో ఫోన్లే. బావ పట్టు పంచె కట్టుకుని పీట మీద కూర్చోగానే మొదలైంది. "అంకుల్, లుక్ హియర్! అంకుల్, వన్ స్మైల్!" ఆయన తల వంచేసుకున్నాడు. తర్వాత ఉత్తరీయం చెంగు భుజం మీదుగా లాగి జారిన చెంప మీదకి కప్పుకున్నాడు. అక్క పక్కనే కూర్చుని అంతా చూస్తోంది. నేను కెమెరా ఎత్తాను, దించేశాను. ఎత్తితే నేనూ ఆ అరిచేవాళ్ళలో ఒకణ్ణవుతాను. వెళ్ళి ఒక స్తంభానికి ఆనుకుని నేల మీద చతికిలబడ్డాను. నడుము కూడా కాస్త సుఖపడింది.

షష్టిపూర్తిలో భర్త మళ్ళీ తాళి కట్టాలి. కుడి చేతి వేళ్ళు దారాన్ని పట్టలేకపోయాయి. పంతులుగారు మంచివారు, "ఆడపడుచు ఎవరైనా ముడి వేయవచ్చునండీ, దోషం లేదు" అన్నారు. బావ అడ్డంగా తల ఊపాడు. అక్క మెడ ముందుకి వంచి, చెయ్యి వెనక్కి పెట్టి, దారం ఒక కొస తన వేళ్ళతో బిగబట్టింది. ఆయన ఎడం చేత్తో రెండో కొస తిప్పసాగాడు. జారిపోయింది. మళ్ళీ తిప్పాడు. మళ్ళీ జారింది. మేళం వాయించేవాళ్ళు వాయించి వాయించి నెమ్మదించారు. ఎత్తి పట్టుకున్న ఫోన్లు చేతులు నొప్పెట్టి ఒక్కొక్కటే కిందికి దిగాయి. ఎవరో టిఫిన్ల వైపు కూడా నడిచారు. ముడి వేసే తంటాలో చెంప మీది ఉత్తరీయం ఎప్పుడో జారిపోయింది, ఆయన గమనించలేదు. అంతసేపు మెడ వంచుకుని కూర్చున్న సుగుణక్కకి ఇక ఓపిక అయిపోయింది.

"ఇన్నేండ్లు ఏం బస్సు నడిపినవయ్యా! ఒక్క ముడి ఎయ్యనీకి గింతసేపా?"

బావ ఆగాడు. ఊపిరి పీల్చుకున్నాడు. "లేటయితె... కంప్లైంటు... ఇచ్చుకో" అన్నాడు.

పంతులుగారే ముందు నవ్వారు. అక్క వంచిన మెడ వంచినట్టే పక్కకి తిప్పి ఆయన్ని చూసి పెద్దగా నవ్వింది. ఆయన కూడా నవ్వాడు, సగం ముఖం నవ్వింది, మిగతా సగం ఎలా ఉందో అలాగే ఉంది, ఆయన దాన్ని దాచుకోలేదు. ఎడం చెయ్యి ఆవిడ మెడ మీదే ఉంది, వేళ్ళ మధ్య పసుపు దారం. అప్పుడు తీశాను. ఒక్కటే తీశాను. రెండోది తీయడానికి నా కళ్ళు సహకరించలేదు.

తర్వాత వాళ్ళింటికి తీసుకెళ్ళి చూపిస్తే బావ చాలాసేపు చూశాడు. "నేనేనా... బామ్మర్దీ?" అన్నాడు. "మీరే బావా" అన్నాను. "దిగినన్నట్టు" అన్నాడు. అక్క కళ్ళద్దాలు పెట్టుకుని చూసి, "పసుపు రంగు ఎక్కువైంది" అనేసి వంటింట్లోకి వెళ్ళిపోయింది. పసుపు గురించి ఆవిడా మాట్లాడటం! వంటింట్లోంచి చాలాసేపు గిన్నెల చప్పుడు వినబడలేదు. ఆ పూట నాకు రెండుసార్లు టీ ఇచ్చింది. అదే మెచ్చుకోలు.

ఆ తర్వాత ఆవిడ కెమెరా పట్టలేదు. బావని చూసుకోవడానికే రోజంతా సరిపోయేది. అడిగినవాళ్ళకి నా పేరు చెప్పేది, "నాకంటె మంచిగ తీస్తడు, కొంచెం నిదానం" అని. ఆ నిదానం ఇప్పుడు ఎవరికీ అక్కర్లేదు. పెళ్ళి అవుతుండగానే ఫోన్లలో పెట్టుకోవడానికి వీడియోలు కావాలి, డ్రోన్ కావాలి, ముఖాలు తెల్లగా చేయాలి. అన్నీ చేస్తాను. చేసి ఇంటికి వచ్చి వేడినీళ్ళ సంచి నడుము కింద పెట్టుకుంటాను. ఈ పని మొదలుపెట్టినప్పుడు ఇది నన్ను బతికిస్తుందనుకున్నాను. బతికిస్తోంది కూడా, కాకపోతే బాగా అరగదీసి.

మొన్న చలికాలంలో బావ పోయారు. కర్మకి పటం కట్టించాలని కార్తీక్ ఫోన్ చేశాడు. జబ్బు తర్వాత ఆయన ముఖం కనిపించే ఫోటో ఆ ఒక్కటే. "మామా, పెద్దనాన్న ఏమంటున్నారంటే, బతికున్న పర్సన్ ఫోటోకి దండ వెయ్యకూడదట. సో, కెన్ యూ జస్ట్ రిమూవ్ అమ్మ?" అన్నాడు. పిల్లవాడి తప్పేం లేదు. ఆ పట్టింపు మా ఇళ్ళల్లోనూ ఉన్నదే. కంప్యూటర్ ముందు కూర్చున్నాను. ఇప్పుడు మనిషిని తీసేయడానికి పెద్ద కష్టమేమీ లేదు. చుట్టూ గీత గీసి ఒక్క నొక్కు నొక్కితే చాలు, వెనకున్న గోడని అదే నింపుకుంటుంది. సుగుణక్క పోయింది. ఎక్కడా మచ్చ లేదు. బావ ఒక చెయ్యి గాలిలోకి ఎత్తి, ఏమీ లేని చోటుకేసి చూస్తూ నవ్వుతున్నాడు. రెండు ఫోటోలూ అచ్చు వేయించుకుని వాళ్ళింటికి వెళ్ళాను.

అక్క ముందు ఆ కొత్తదే చూసింది. వేలితో ఖాళీ గోడని తడిమింది.

"ఈయన ఎవలిని జూసి నవ్వుతుండు?"

"కార్తీక్ అడిగాడక్కా. దండ వేయాలంటే నువ్వు అందులో ఉండకూడదని..."

"ఇద్దరం దిగినం గద రా తమ్మీ. ఇప్పుడు నన్నొక్కదాన్ని ఎట్ల తీస్తవ్?"

ఆవిడ అరవలేదు. ఎప్పుడూ అరిచే మనిషి అంత నెమ్మదిగా అంటే తట్టుకోవడం కష్టం. ఇన్నేళ్ళుగా నేను చేస్తున్న పనికి తీయడం అనే పేరు. ఆ మాటకి ఇంకో అర్థం ఉందని ఆ రోజే గుచ్చుకుంది.

"గది తీసెయ్" అంది ఆ కొత్త ఫోటోని నా వైపు తోసి. "దండ లేకుంటె మునిగిపోయేదేం లేదు. పూలు కింద పెడ్త."

కర్మ రోజున పీట మీద ఇద్దరూ ఉన్న ఫోటోనే పెట్టింది. పూలు కింద పళ్ళెంలో ఉన్నాయి. పెద్దవాళ్ళు గొణుక్కున్నారు. ఆవిడ వినిపించుకోలేదు. ఇప్పుడూ వాళ్ళ హాల్లో గోడకి అదే ఉంది, దండ లేకుండా, కాస్త పసుపు ఎక్కువై. అందులో ఆయన చూసి నవ్వుతున్న చోట ఆవిడ ఉంది.

నిన్నటి సీమంతంలో ఆ అమ్మాయి మొదటి నుంచీ కుర్చీలో కూర్చుని అందరి ఫోన్లకీ నవ్వి నవ్వి అలిసిపోయింది. పాదాలు వాచి ఉన్నాయి. నేను ఎదురుగా నేల మీద కూర్చున్నాను. "అన్నా, తీశారా? అయిపోయిందా?" అంది. "మీరింకా దిగలేదమ్మా" అన్నాను. ఆ మాటకి ఆశ్చర్యపోయి నన్ను చూసింది. కాసేపటికి నన్ను మర్చిపోయింది. గాజులు నిండిన చెయ్యి పొట్ట మీద పెట్టుకుని, వెనక్కి ఆనుకుని, కళ్ళు సగం మూసుకుని గట్టిగా నిట్టూర్చింది. నాకూ అంతే అలసటగా ఉంది. అప్పుడు తీశాను.

ఏరిన గింజలు గుప్పిట్లో పట్టుకుని పెరట్లోకి వచ్చాను. సుగుణక్క చేసినట్టే గడ్డి మీద చల్లాను. కంచె మీద ఒక మ్యాగ్‌పై పిట్ట కూర్చుని తల పక్కకి వాల్చి నన్నే చూస్తోంది. నడుము లాగుతున్నా కదలకుండా నిలబడ్డాను, అది దిగేదాకా.